పచ్చ ఒంటె నిలబడ్డ చోటు

పెద జాలారిపేట, విశాఖపట్నం
నవంబరు

దొరబాబన్నియ్యకి,

ఇక్కడ అందరం బతికే ఉన్నాం. నువ్వూ బతికే ఉంటావు, లేకపోతే నీ బోటు సేఠు ఫోను చేసేవాడు. ఆ ముచ్చట అయిపోయింది కాబట్టి అసలు సంగతికి వస్తాను.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నీ ఫోను ఆ గుజరాత్ సముద్రంలో పారేసుకున్నావు. ఒడ్డుకొచ్చినప్పుడు సేఠు ఆఫీసు నుంచి చేస్తే ఇటు అమ్మ స్పీకరు పెడుతుంది. మన అరుగు మీద కూర్చున్న వాళ్ళు, అటు నీ బోటు కళాసీలు, అందరూ వింటారు. నేను చెప్పబోయేది పార సంగతి. సముద్రం అడుగున చేపలు చేరే ఆ రాతి పార, అయ్య ఒక్కడికే తెలిసి, చివరికి ఆయనకీ దొరక్కుండా పోయినది. అది పదిమంది వినేది కాదు. అందుకే బడి మానేశాక మొదటిసారి ఉత్తరం రాస్తున్నాను. నా అక్షరాలు చూసి నవ్వితే పళ్ళు రాలగొడతాను.

రొయ్యల కంపెనీ మానేశాను. ఇప్పుడు హార్బర్లో కాంట్రాక్టు పని. క్రేన్ల కింద పట్టాలు తుడుస్తాను. నెత్తి మీద నీలం టోపీ, ముక్కులో బొగ్గుపొడి. మొన్న మధ్యాహ్నం దక్షిణం చివర కూర్చుని అన్నం తింటుంటే, గడ్డి మొలిచిన పట్టాల పక్కన సిమెంటులో దిగ్గొట్టిన ఇనప కొక్కేలు కనిపించాయి. ఇవేమిటని క్రేను ఆపరేటరు నీలకంఠం తాతని అడిగాను.

"ఇక్కడో ముసిల్ది ఉండేదమ్మా. పచ్చ క్రేను. గేరుబాక్సు పోయి, సామాను దొరక్క ఏళ్ళ తరబడి ఉన్న సోటే ఉండిపోనాది. గాలికి పడిపోకుండా ఈ కొక్కేలకి గొలుసులేసి కట్టేసేం. హుదూద్ తుఫానుకి మెడ ఇరిగిపోతే కోసి తుక్కుకి పంపేసేరు" అన్నాడు.

అన్నియ్యా, ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.

అయ్య నన్ను ఒక్కసారి బోటెక్కించాడు, గుర్తుందా? పదేళ్ళదాన్ని, ఒడ్డున దొర్లి దొర్లి ఏడ్చాను. ఇల్లు చిన్నదైపోయేంత దూరం తీసుకెళ్ళి వేలు చూపించాడు. "అదుగో, హార్బరు సివర పచ్చ ఒంటె నిలబడింది సూడు. దాని మెడ ఎల్లి ఎనకాల పడమటి కొండ నొక్కులో ఆనిందంటే మనం సగం ఇంటికొచ్చేసినట్టే." మిగతా సగం ఏదంటే, "అది అన్నకి సెప్పేను" అన్నాడు. బీచిలో పిల్లల్ని మోసే ఒంటె హార్బర్లోకి ఎందుకు వెళ్ళిందా అని చాన్నాళ్ళు ఆలోచించాను.

ఇప్పుడు విను. నేను బోటెక్కిన ఏడే వచ్చిన ఆ తుఫాను తర్వాత అదే పసుపు రంగులో కొత్త క్రేను వచ్చింది. అది నిలబడేది ఓడలు ఆగే ఉత్తరం వైపు బెర్తులో. సముద్రం మీంచి చూస్తే పాతదీ కొత్తదీ ఒకటే ఒంటె. అయ్య కొత్త ఒంటెని కొండ నొక్కులో పెట్టి వెతికాడు. కొండ కదలదు, గుడి కదలదు. ఒంటె కూడా కదలదనుకున్నాడు. పార ఎక్కడికీ పోలేదన్నియ్యా. ఒంటె మారింది.

ఒక గీత నా దగ్గరుంది. రెండోది నీ దగ్గరుంది. రెండూ కలిసిన చోట పార ఉంది.

అమ్మ మన బోటుని గవర్రాజు మావకి శివరాత్రిలోపు బేరం చేసి ఇచ్చేస్తానంది. నువ్వు ఫోన్లో "ఇచ్చీ అమ్మా" అన్నావట. ఎవర్ని అడిగి అన్నావు? నీ సగం రాసి పంపు.

సీతాలు


వేరావల్
జనవరి

సీతాలుకి,

నీ ఉత్తరం సేఠు ఆఫీసులో చాలా రోజులు పడి ఉంది. తర్వాత మాకు ఐసూ బియ్యం తెచ్చే బోటులో వచ్చింది. డీజిలు వాసన కొడుతోంది. నవ్వలేదులే. నీ అక్షరాలు నీలాగే ఉన్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

ఇక్కడ సముద్రం మన దానికి తిరగేసి ఉంటుంది చెల్లీ. మన పేటలో పొద్దు నీళ్ళలోంచి పుడుతుంది. ఇక్కడ పొద్దు నీళ్ళలో పడిపోతుంది. వచ్చిన కొత్తలో సాయంత్రమైతే ఎవరిదో సామాను మునిగిపోతున్నట్టు గాభరాగా ఉండేది. ఇప్పుడు అలవాటైంది. వల లాగడం, చేప ఏరడం, ఐసు కొట్టడం, పడుకోవడం. ఎక్కడ వల వెయ్యాలో నేను ఆలోచించక్కర్లేదు. అది బోటు నడిపే తండేలు పని. ఆలోచించక్కర్లేకపోవడం ఎంత సుఖమో నీకు తెలీదు.

అయ్య ఆఖరి ఏడాది నువ్వు ఒడ్డున ఉన్నావు. నేను బోటులో ఉన్నాను. రోజూ వెళ్ళేవాళ్ళం. "నువ్వు ఉత్తరం సూడు, పడమర నాను సూసుకుంటాను" అనేవాడు. సీసం గుండు అడుగున సబ్బు రాసి నీళ్ళలోకి వదిలేవాడు. పార మీద పడితే రాతి పొడి, గుల్ల ముక్కలు అంటుకురావాలి. ఎప్పుడూ ఇసకే వచ్చేది. ఆ ఇసకని వేలితో తీసి నాలిక మీద పెట్టుకునేవాడు, ఇసక అబద్ధమాడుతుందేమో అన్నట్టు. పక్క బోట్లవాళ్ళు జీపీఎస్ మిషన్ పెట్టుకోమంటే, "మిషన్లో పెడితే పార ఊరందరిదీ అయిపోద్ది" అనేవాడు. కామెర్లతో కళ్ళు పచ్చబడ్డాక కూడా వెళ్ళాడు.

ఆ వెతుకులాట నాకొద్దు. నువ్వు ఎక్కినందుకే పార పోయిందని పేటలో అన్నారు గానీ, నేను ఎప్పుడూ అనలేదు. నీకు తెలుసు.

నా సగం అడక్కు. అయ్యకి ఒట్టేశాను. అమ్మని బోటు ఇచ్చెయ్యనీ.

దొరబాబు


పెద జాలారిపేట
ఫిబ్రవరి

అన్నియ్యా,

నువ్వు అనలేదు. కాదని కూడా అనలేదు.

కుళాయి దగ్గర సూర్యకాంతమ్మ "ఆడపిల్లని ఎక్కించేడు, గంగమ్మ ఎల్లిపోనాది" అన్నప్పుడు నువ్వు నా పక్కనే బిందె పట్టుకుని నిలబడ్డావు. నీకు మీసాలు వస్తున్నాయి అప్పుడు. బిందె నిండింది, ఎత్తుకుని వెళ్ళిపోయావు. ఆ రోజు నుంచి నేను వల దాటితే తిట్లు, తెడ్డు ముట్టుకుంటే తిట్లు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ బోట్లు దిగే వేళకి నన్ను ఇంట్లోకి పంపేసేది. మనింట్లో బియ్యం లేకపోవడానికి కారణం నేనని, ఎవరూ చెప్పకుండానే నాకు నేర్పారు. పూర్ణా మార్కెట్లో అమ్మ తట్ట ఖాళీ అవకుండా తిరిగొచ్చినా నా వల్లే. నువ్వు పదిహేడేళ్ళకి గుజరాత్ రైలెక్కినా నా వల్లే.

మనం పేదవాళ్ళం అయింది నేను బోటెక్కినందుకు కాదు. ఎక్కడో గేరుబాక్సు పోయి కదలని క్రేనుని అయ్య నమ్మినందుకు. ఇది తెలిశాక నాకు ఎంత కోపమొచ్చిందో, ఎంత నవ్వొచ్చిందో చెప్పలేను. పట్టాల మధ్య కూర్చుని నవ్వుతుంటే సూపర్‌వైజరు వచ్చి, మందు తాగానేమోనని నోరు వాసన చూపించమన్నాడు.

బోటు సంగతి. మావ రెండ్రోజుల్లో తీసుకుపోతాడని తెలిసి, ఇంజను వెనక నీళ్ళలో తిరిగే ఫ్యాను విప్పేసి గోనెసంచిలో పెట్టి దాని మీదే పడుకుంటున్నాను. మావ వచ్చి చూసి గుమ్మంలో గెంతులేశాడు.

"ఏటే సీతాలూ, ఫ్యాను లేని బోటుని నానేటి సేసుకోను? ఊయల కట్టి మనవల్ని ఊపుకోనా?"

"ఊపుకో మావా. నీ పాటకి ఆళ్ళు పడుకోరు గానీ" అన్నాను.

అమ్మ తలకొట్టుకుంది. కానీ ఫ్యాను ఎక్కడుందని మాత్రం అడగలేదు. అడిగితే చెప్పేస్తానని భయమేమో.

ఒట్టు అయ్యకి వేశావు. నేను అయ్య కూతుర్నే. నీ సగం పంపు, లేదా పంపనని తెగ్గొట్టి రాయి. సగం సగం మాటలు నాకొద్దు.

సీతాలు


వేరావల్
మార్చి

చెల్లీ,

బిందె సంగతి చదివి ఉత్తరం మడిచేశాను. మళ్ళీ విప్పాను. ఐసు మీద కూర్చుని చదువుతుంటే కాళ్ళు తిమ్మిరెక్కినా తెలీలేదు.

నీకు చెప్పనిది ఒకటుంది. వచ్చే సీజనుకి సేఠు నన్ను తండేల్ని చేస్తానన్నాడు. సొంత బోటు కాదు, బోటు మీద పెత్తనం. ఇక్కడే గది ఇస్తాడు. మన బోటు అమ్ముడైపోతే నాకు వెనక్కి రావలసిన పని ఉండదని, అందుకే ఇచ్చీమన్నాను. అక్కడ నిలబడితే ప్రతి అలా అయ్య మొహమే. ఇక్కడ అలలకి ఎవరి మొహమూ లేదు.

ఇంకొకటి. ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో అయ్య అస్తమానం "సీతాల్ని అడగరా, ఒంటె సరిగ్గా నిలబడిందో లేదో" అనేవాడు. నాకు ఏ ఒంటె సంగతీ చెప్పలేదు కదా. జ్వరంలో బీచి గుర్తొస్తోందనుకున్నాను. చిన్నప్పుడు నువ్వు ఒంటె ఎక్కుతానని మారాం చేసేదానివి, అదనుకుని "బాగానే నిలబడింది అయ్యా, పడుకో" అన్నాను. నవ్వి పడుకున్నాడు. నీ మొదటి ఉత్తరంలో ఒంటె అన్న మాట చూడగానే నాకు ఆ మాట అర్థమైంది. అయినా నీకు ఆ ముక్క రాయలేకపోయాను. ఆయన నిన్ను తప్పుపట్టలేదు సీతాలూ. నిన్ను సాక్ష్యం అడిగాడు.

నిన్న తెల్లవారుజామున కునుకు పట్టింది. కలలో ఒంటె నీళ్ళ మీద నడుచుకుంటూ వస్తోంది. మెత్తగా, ఒక్క చుక్క చిందకుండా. పసుపు పూసిన కొత్త పడవలా ఉంది. దాని మీద నువ్వున్నావు, పదేళ్ళ పిల్లవి, లంగా తడిసి. అయ్య తాడు పట్టుకుని ముందు నడుస్తున్నాడు. అడుగున నీళ్ళు అద్దంలా ఉన్నాయి, లోపల రాళ్ళ సందుల్లో ఎర్ర చేపలు దీపాల్లా కదులుతున్నాయి. నేను బోటులోంచి పిలుస్తున్నాను. అయ్య నా వైపు చూసి, "నీ సగం ఏదిరా?" అన్నాడు.

ఇదిగో నా సగం. ఉత్తరాన కైలాసగిరి మీద తెల్ల దేవుళ్ళు, శివుడూ పార్వతీ కూర్చుని ఉంటారు కదా. బోటు నడుపుకుంటూ పోతే వాళ్ళు కొండతోపాటు మెల్లగా జరుగుతారు. వాళ్ళ వెనకున్న పెద్ద కొండ పిలక సరిగ్గా ఇద్దరి తలల మధ్యకి రావాలి. అదీ గీత. అయ్య తర్వాత ఈ మాట చెప్పడం ఇదే మొదలు. చదివి చింపెయ్యి.

మేలో ఇక్కడ వేట ఆగిపోతుంది. బండెక్కుతాను. తండేలు పని సంగతి సేఠుకి ఏమీ చెప్పలేదు. పార లేకపోతే వెనక్కి వచ్చేస్తాను. అప్పుడు నువ్వు ఇంక అడక్కూడదు.

దొరబాబు


పెద జాలారిపేట
ఏప్రిల్

అన్నియ్యా,

చదివాను. చింపాను. సముద్రంలో కలిపాను. "సాక్ష్యం అడిగాడు" అన్న ముక్క మాత్రం చింపలేదు. అది నా నీలం టోపీ లోపల ఉంది.

అమ్మకి మొత్తం చెప్పేశాను. చేపల తట్ట కడుగుతూ వింది. ఆస్పత్రి మాట చెప్పేసరికి తట్ట బోర్లించి దాని మీద కూర్చుండిపోయింది. నీళ్ళు కాళ్ళ కిందనుంచి వీధిలోకి పోతున్నాయి. తర్వాత "ఆ ఫ్యాను తియ్యే" అంది.

"మావకియ్యను" అన్నాను.

"గవర్రాజుకెవడిత్తాడే. తుప్పట్టిపోద్ది, గ్రీజు పెట్టు."

ఇద్దరం కలిసి పెట్టాం. అమ్మ చేతులు నల్లగా, నా మొహం నల్లగా. మావ అరుగు మీంచి చూసి "తల్లీ కూతుళ్ళు కలిసిపోనారు, నాకు ఊయలే గతి" అనుకుంటూ పోయాడు.

ఇప్పుడు అసలు చిక్కు. తెల్ల దేవుళ్ళు ఉన్నారు, కొండ నొక్కు ఉంది. ఒంటె లేదు. దక్షిణం చివర ఇప్పుడు ఆకాశమే. ఉత్తరం బెర్తులో ఉన్న కొత్త ఒంటెని చూసి మోసపోకు. ఒడ్డున కొంచెం తప్పితే అంత దూరాన చాలా తప్పుతుంది. ఫోను మ్యాపులో గీతలు గీసి చోటు పట్టుకోవచ్చు, నాకు చేతనవును. కానీ మిషన్లో పెట్టొద్దన్నది అయ్య మాట. అందుకని వేరే ఉపాయం ఆలోచించాను. మన బీరువా అద్దం విప్పించాను. పొద్దున ఎండ సముద్రం మీంచి ఒడ్డుకి వస్తుంది కదా. ఆ కొక్కేల దగ్గర అద్దం పట్టుకుంటే వెలుగు తిరిగి సముద్రం మీదకే పోతుంది. నీలకంఠం తాత పట్టుకుంటానన్నాడు. ఎందుకని అడగలేదు. "ఆ ముసిల్దాన్ని ఇరవయ్యేళ్ళు నడిపేను. దాని సోట్లో నిలబడ్డానికి కారణం కావాలేటి?" అన్నాడు.

అద్దం నేను పట్టొచ్చు కదా అంటావు. నేనుండను. కాకినాడలో క్రేను శిక్షణకి పేరు ఇచ్చాను, రమ్మన్నారు. తాత దగ్గర భోజనాల వేళ కూర్చుని మీటలన్నీ నేర్చుకున్నాను, మిగతాది ఫోన్లో చూసి నేర్చుకున్నాను. పరీక్ష పెట్టినాయన "ఎక్కడ చదివేవమ్మా" అంటే "కింద తుడుస్తా" అన్నాను. జూన్ మొదట్లో వెళ్తాను. మన దగ్గర నిషేధం తీసేసి వేట మళ్ళీ మొదలయ్యే రోజుకి అక్కడ ఉంటాను.

నీతో బోటులో రావాలని ఎంతుందో రాయను. రాస్తే కాగితం తడిసిపోద్ది.

సీతాలు


పెద జాలారిపేట
జూన్

సీతాలుకి,

చోట్లు మారాం చూడు. నువ్వు ఊరవతల, నేను ఇంట్లో. నీ చాప మీద కూర్చుని రాస్తున్నాను. నీ దిండు కింద ఇంకా గ్రీజు వాసన.

వేట మొదలైన రోజున అమ్మ బోటు ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. పేటంతా ఒడ్డునే ఉంది. కొబ్బరికాయ నా చేతికిచ్చి గట్టిగా, సూర్యకాంతమ్మకి వినబడేలా, "నా కూతురు పేరు సెప్పి కొట్టరా" అంది. సూర్యకాంతమ్మ "ఇదేటి తవిటమ్మొదినా, కొత్త రివాజు?" అంటే, "నీ పాత రివాజుకి పదేళ్ళు పత్తెం తిన్నాం. ఇంక సాలు" అంది. కాయ రెండు చెక్కలైంది.

కళాసీల్ని ఎక్కించుకోలేదు. ఒక్కణ్ణే వెళ్ళాను. ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాల పొగ దక్షిణాన గీతలా సాగి ఉంది. ఊరు కిందకి దిగిపోయింది, మేడలన్నీ ఉప్పు రాశుల్లా అయిపోయాయి. ముందు తెల్ల దేవుళ్ళని పట్టుకున్నాను. వాళ్ళ మధ్యకి పిలక వచ్చింది. ఆ గీత జారకుండా మెల్లగా పోతూ పడమర చూశాను. నా చిన్నప్పటినుంచీ అయ్య నన్ను చూడనివ్వని వైపు. పచ్చ ఒంటె రా రా అని పిలుస్తోంది, ఉత్తరం బెర్తులో. అది కొండ నొక్కులోకి వచ్చేసరికి ఇంజను ఆపాను. గుండు వేశాను. ఇసక. సీతాలూ, అదే ఇసక.

నీ మీద నమ్మకంతో ఇంకా ముందుకి పోయాను. హార్బరు దక్షిణం చివర ఏమీ లేదు. బూడిదరంగు నీళ్ళు, బూడిదరంగు ఒడ్డు. ఆ బూడిదలో ఒక చుక్క వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది. పగటి పూట చుక్క. ముసలాయన చెయ్యి నొప్పెట్టి అద్దం కిందకి దించి ఎత్తుతున్నాడు కాబోలు. ఆ చుక్క మెల్లగా జరిగి జరిగి కొండ నొక్కులో కూర్చుంది. ఉత్తరాన దేవుళ్ళు కదల్లేదు. ఇంజను ఆపేశాను. చప్పుడు పోయాక సముద్రం నిద్రపోయిన ఇల్లులా ఉంది.

గుండు వదిలాను. తాడు పోతూ పోతూ మధ్యలో ఆగిపోయింది. ఇసక దగ్గర పోయినంత లోతు పోలేదు. టక్ మని నా అరచేతిలో తెలిసింది. పైకి లాగితే సబ్బు నిండా తెల్ల గుల్ల ముక్కలు, ఎర్ర రాతి పొడి. నాలిక మీద పెట్టుకున్నాను. ఏడ్చాను. చూసినవాడు లేడు, నీకే చెప్తున్నాను.

గాలం వెయ్యలేదు. బుట్టలో ఎర ఉంది, గాలాలున్నాయి, అడుగున చేప తిరుగుతున్న మసక నీళ్ళ పైకి కనిపిస్తోంది. అయినా వెయ్యలేదు. ఖాళీ బోటుతో తిరిగొచ్చాను. గవర్రాజు మావ "ఏటిరా అల్లుడూ, ఇంజనుకి సముద్రం సూపించి తెచ్చేవా?" అన్నాడు. పేటంతా నవ్వింది. అమ్మ నా చేతిలో పొడి చూసి, పొయ్యి దగ్గరికి పోయి ఉల్లిపాయలు తరిగింది.

ఎందుకు వెయ్యలేదో చెప్తాను. నువ్వు ఎక్కితే పార పోయిందన్నారు. నువ్వు ఎక్కితే చేప పడిందని అదే నోళ్ళు అనాలి. మొదటి చేప నువ్వు లాగాలి. అందాకా అమ్మ తట్టతోనే గడుపుకుంటాం, అలవాటే కదా. నేను పక్క బోట్లకి కళాసీగా పోతున్నాను. సేఠుకి రానని కబురు పెట్టాను.

కవర్లో ఉన్నది దుమ్ము కాదు, పారెయ్యకు. అయ్య అడిగినదానికి జవాబు.

అన్న


కాకినాడ
జులై

అన్నియ్యా,

కవరు విప్పగానే పొడి నా పుస్తకం మీద పడింది. పక్క మంచం పిల్ల "ఏంటక్కా, కుంకుమా?" అంది. "మా పొలం మట్టి" అన్నాను. నాలిక మీద నేనూ పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. ఇన్నేళ్ళు మన మీద పడ్డ మాటలన్నీ ఇంత చిటికెడులో ఇమిడిపోయాయి.

గాలం వెయ్యకుండా వచ్చావా, పిచ్చోడా! మొదట తిట్టుకున్నాను. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు నాకు తెలీదా? తర్వాత మేడ మీదకి వెళ్ళి ఎవరూ లేని చోట నిలబడ్డాను. నీ బిందె గుర్తొచ్చింది. ఈసారి నువ్వు ఎత్తుకుని వెళ్ళిపోలేదు. పక్కన నిలబడ్డావు.

ఇక్కడ నన్ను ఎత్తున కూర్చోబెడుతున్నారు. అద్దాల గది, కాళ్ళ కింద కూడా అద్దమే. మొదటి రోజు తల తిరిగింది. ఇప్పుడు కంటైనరు పైకి లేస్తుంటే నిద్రపోతున్న పిల్లని ఎత్తుకున్నట్టు ఉంటుంది. నేర్పేవాడు "అంత మెల్లగా ఐతే ఓడ వెళ్ళిపోద్ది" అని కసిరాడు. "ఓడని ఆగమను" అన్నాను. అయినా పాసయ్యాను. మన హార్బర్లోనే వేస్తారట. ఏ బెర్తో చెప్పలేదు గానీ, తాత ఈ నెలాఖరుకి రిటైరై దిగిపోతున్నాడు. ఆయన కుర్చీ ఖాళీ.

అంటే ఇప్పుడాయన నడిపే, ఉత్తరం బెర్తులో ఉన్న ఆ పచ్చ ఒంటె. అయ్యని ఏమార్చిన ఒంటె. దాని మెడ ఎక్కి నేను కూర్చుంటాను. అక్కణ్ణుంచి చూస్తే సముద్రం మీద నీ బోటు చీమంత కనబడుతుంది. సెలవు రోజున నేను నీ బోటులో ఉంటాను, పని రోజున పైనుంచి నిన్ను చూస్తుంటాను. కల కాదిది, నెలజీతం వచ్చే పని. అయినా రాస్తుంటే కలలాగే ఉంది.

శనివారం పొద్దున బండి దిగుతాను. అమ్మని బిందె పట్టుకుని కుళాయి దగ్గరే ఉండమను, అక్కణ్ణుంచే ఒడ్డుకి పోదాం. సూర్యకాంతమ్మని కూడా ఉండమను. మావకి ఒక కోనాం చేప ఇద్దాం, ఊయల బదులు. తాతకి అద్దం మోసినందుకు పెద్దది. బోటు ముక్కు దగ్గర నా చోటు ఖాళీగా ఉంచు, తాళ్ళూ తట్టలూ పడెయ్యకు.

ఒక్క మాట, ఇప్పుడే చెప్పేస్తున్నాను. పైన పచ్చ ఒంటె మీద నేను చెయ్యి ఊపడం కనబడితే నువ్వూ ఊపు. కానీ పారకి మాత్రం నన్ను గురుతుగా పెట్టుకోకు.

నేను కదులుతాను.

సీతాలు